రెండు రాబళ్లు, ఒక లెక్క

తిరుపతికి మునిసిపాలిటీ ఏర్పడినదియు, దేశమున ఆదాయపు పన్ను నిలకడగా వేళ్లూనుకొనుటకు మూలమైన చట్టము అమలులోనికి వచ్చినదియు ఒక్కనాడే: 1886 ఏప్రిల్ 1. అప్పటికి తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని చంద్రగిరి తాలూకాకు చెందిన ఊరు. చిత్తూరు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. చిత్తూరు పేర వేరు జిల్లా 1911లో గాని వెలయలేదు. ఊరికి క్రొత్తగా వచ్చిన పురపాలక సంఘమునకు వ్యాపారముపైనను ఉద్యోగముపైనను వృత్తిపన్ను విధించు అధికారము ఉండగా, సర్కారుకు ఆదాయపు పన్ను వేరుగా చెల్లవలసియుండెను. కొలువు చేయుచు, తీరిక వేళ సొంత వ్యాపారము నడుపుకొను గృహస్థుని కథ ఈ ప్రాంతమున ఇక్కడనుండియే ఎత్తుకొనవలెను.

అంతకు మున్ను కుంఫిణీ పాలనలో మగ్గమునకు, గానుగకు, అంగడికి మొహతర్ఫా అను పన్ను ఉండెడిది. వృత్తి ఉన్నచో పన్ను ఉండెనే గాని, ఆ వృత్తి కూడు పెట్టినదా లేదా అను విచారణ అంతగా లేదు. 1860లో దేశ ఆర్థిక వ్యవహారములు చూచిన జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చి, ఏటా 200 రూపాయలు వచ్చువానిని సైతము దాని క్రిందికి లాగినప్పుడు, మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ బాహాటముగా ప్రతిఘటించి పదవినే కోల్పోయెను. పేదవాని పక్షమున ఒక గవర్నరు అంత మూల్యము చెల్లించుట సామాన్యము కాదు. ఆ పన్ను 1865లో ఆగిపోయినది; తరువాత లైసెన్సు పన్నులు వచ్చినవి, పోయినవి.

1886 నాటి చట్టము ఆదాయమును నాలుగు భాగములుగా విడదీసెను. జీతము మొదటి భాగము, వ్యాపారాదులు నాలుగవది. సర్కారు కొలువులో ఏటా 1,200 రూపాయలు సంపాదించుచు, బెల్లపు వ్యాపారమున మరి 1,000 రూపాయలు గడించు ఒక చిత్తూరు వాస్తవ్యుని ఊహింతము. అతని జీతముపై రూపాయికి 4 దమ్మిడీల చొప్పున 25 రూపాయలు జీతమిచ్చునప్పుడే పట్టుకొందురు. వ్యాపారముపై రెవిన్యూ అధికారులు నిర్ణయించు పన్ను 20 రూపాయలు. మొత్తము 45. రెంటిని కూడి 2,200 రూపాయలుగా చూచి, 2,000 దాటిన ఆదాయమునకు చెల్లు 5 దమ్మిడీల రేటు వేసియుండినచో 57 రూపాయల 4 అణాల 8 దమ్మిడీలు అయ్యెడిది. ఒకే మనిషి చట్టము దృష్టిలో ఇద్దరై యుండుటచేత కలిగిన భేదమిది.

1918 చట్టము ఈ ఇద్దరిని ఒక్కటి చేసెను: సకల మూలముల రాబడిని కూడి, ఆ మొత్తమునుబట్టియే రేటు నిర్ణయింపసాగెను. 1922 చట్టము ఆ పద్ధతినే నిలిపెను. కూడుట న్యాయమని నా నమ్మకము. ఏలయన, శక్తికి తగిన భారమన్నచో శక్తి అంతయు లెక్కకు రావలెను గదా. అయితే 1886 నుండియు సొంత చేని పంటపై రాబడికి ఈ పన్ను లేదు. బెల్లము కొని అమ్మువాడు పైస పైసకును జవాబు చెప్పుచుండగా, నూరెకరముల ఆసామి ఈ పద్దులో కానరాడు. ఆ సూత్రమును అక్కడ నిలిపివేయుట నాకు నేటికిని బాధాకరము.

1944లో ముందస్తు పన్ను వచ్చుటతో ఇంకొక భేదము తలయెత్తినది. జీతగానికి నెలనెలా కోత పడుచుండగా, వ్యాపారి తన లాభమును తానే అంచనా వేసి వాయిదాలలో చెల్లించుకొనవలసి వచ్చెను. రెండును చేయువానికి రెండు విధులును తప్పవు. నేడును తిరుపతిలో బడిపంతులు ఇంటివద్ద సొంతముగా ట్యూషన్లు నడిపినచో, ఫారం 16లోని జీతముతోపాటు ఆ రుసుములను కూడ చూపవలెను. జీతగానికి సులభమైన ఐటీఆర్ 1 అతనికి చెల్లదు. ఐటీఆర్ 3గాని, అంచనా ఆదాయ పద్ధతి వర్తించినచో ఐటీఆర్ 4గాని దాఖలు చేయవలెను. యజమాని కోసిన పన్ను అందులో జమకు వచ్చును. కాగితము, పుస్తకము, కలము కొన్న ఖర్చులు, ఐటీఆర్ 3 వేయువాడైనచో, ఆ ట్యూషను రాబడినుండియే తీసివేయవచ్చును.