పెద్దరికం కొలతలు

తెలుగులో ‘పెద్దమనిషి’ అనే మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, ఊరు చెప్పే అర్థం ఒకటి. నిఘంటువు దృష్టిలో పెద్దమనిషి అంటే మర్యాదస్తుడు. ఊరి దృష్టిలో మాత్రం తగువు తీర్చేవాడు, తాంబూలాలు పుచ్చుకునే చోట చాపమీద ముందు కూర్చునేవాడు, అప్పుపత్రం మీద సాక్షి సంతకం చేసేవాడు. ఈ పనులన్నీ చేయగా చేయగా ఒక మనిషి చుట్టూ పేరుకునే స్థాయినే ‘పెద్దరికం’ అంటారు. గుణం ఉన్నవాడే పెద్దమనిషి అవుతాడనేది ఆ మాటలో దాగిన మొదటి నమ్మకం కాగా, పెద్దమనిషి అనిపించుకోవడమే బతుక్కి సార్థకత అనేది దానిమీద పేర్చిన రెండో నమ్మకం. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇదే మాట పూర్తిగా వేరే దారి పడుతుంది: ‘పెద్దమనిషి అయింది’ అంటే రజస్వల అయిందని. మగవాడికి ఆస్తితోనో వయసుతోనో సంక్రమించే పెద్దమనిషితనం ఆమెకు శరీరంతో వస్తుంది, వచ్చిన రోజే ఆమెను తీసుకెళ్లి మూల కూర్చోబెడుతుంది.

ఈ నమ్మకాల మీద అనుమానం కొత్తదేమీ కాదు. డబ్బున్నవాడే కులీనుడు, వాడే పండితుడు, వాడే గుణజ్ఞుడు అన్న ఎత్తిపొడుపు భర్తృహరి నీతిశతకంలోనే ఉంది. ఏనుగు లక్ష్మణకవి అనువాద పద్యాల పుణ్యమా అని అది తెలుగు బడిపిల్లలకూ చేరింది. అయితే నీతిశతకంలో చమత్కారంగా మిగిలిపోయిన ఆ అనుమానం ఉత్తరాంధ్రలో, అంటే నేటి విజయనగరం, శ్రీకాకుళం సీమల్లో, నాటకంగా, భాషోద్యమంగా, కథగా, చివరికి తిరుగుబాటుగా రూపం మార్చుకుంటూ సాగింది.

ఈ సీమ పెద్దరికాన్ని మొదట కొలిచింది కత్తితోనే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని విజయనగరం రాజు పెదవిజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించినప్పుడు, ఓటమి తప్పదని తేలాక కోటలోని స్త్రీలనూ పిల్లలనూ సొంతవారే చంపి, ఆ తర్వాత మగవాళ్లు పోరాడి చనిపోయారు. కొద్ది రోజుల్లోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపాడు. జంగంకథగా ఊరూరా పాడిన ఈ ఉదంతంలో పౌరుషం, మాటపట్టింపు, ప్రాణం కన్న పరువు మిన్న అనే తెగువ మనిషికి ఉండవలసిన గుణాలుగా స్థిరపడ్డాయి. పరువు ఎంతటిదో నిర్ణయించిన వారు కోట గుమ్మం దగ్గర ఉండగా, దాని ఖరీదు చెల్లించిన వారు కోట లోపలి గదుల్లో ఉన్నారన్న సంగతి ఆ కథ విని కన్నీరు పెట్టిన తరాలకు తట్టలేదు. తట్టినా పాటలో దానికి చోటు దొరకలేదు.

1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చినవిజయరామరాజు మరణించడంతో ఆ కొలత చెల్లకుండా పోయింది. యుద్ధానికి మూలం కంపెనీకి కట్టవలసిన పేష్కషు, అంటే కప్పం, బకాయి. ఆ తర్వాత 1802లో వచ్చిన శాశ్వత శిస్తు ఏర్పాటు, అంటే జమీందారు ఏటా సర్కారుకు కట్టవలసిన మొత్తాన్ని ఎప్పటికీ మారకుండా నిర్ణయించే పద్ధతి, రాజును శిస్తు వసూలుదారుగా మార్చింది. యుద్ధం చేసే అవకాశం పోయాక పెద్దరికం దానాల్లోకి, ఆస్థానాల్లోకి, బడుల్లోకి, కళాశాలల్లోకి మళ్లింది. ఆ మలుపు పండిన కాలం విజయనగరం మహారాజు ఆనందగజపతి (1850–1897) ఏలుబడి.

ఆనందగజపతి చేయించిన పనుల్లో ఒకటి మిగిలిన దానధర్మాలకన్నా ఎక్కువ కాలం నిలిచింది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో (నేటి విజయనగరం కూడా అందులోదే) మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం పుచ్చుకుని జరిగిన పెళ్లిళ్లకు ఆయన ఒక పట్టిక తయారు చేయించాడు. కన్యాశుల్కమంటే వరుడి వైపు నుంచి ఆడపిల్ల తండ్రి పుచ్చుకునే సొమ్ము. లెక్కకు వచ్చినవి 1034 పెళ్లిళ్లు, ఏడాదికి సగటున 344. వధువుల్లో ఐదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలను గురజాడ అప్పారావు (1862–1915) ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ పీఠికలో నమోదు చేశాడు. ఆ తండ్రులెవరూ ఊళ్లో దుర్మార్గులుగా పేరుపడినవారు కారన్నది గమనించవలసిన విషయం. వాళ్లు సంధ్య వార్చేవారు, అతిథికి అన్నం పెట్టేవారు, నలుగురిలో పెద్దమనుషులుగా చెలామణి అయినవారే.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించి 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ పన్నెండేళ్ల తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశాడు. సంస్కర్త ఉద్దేశంతో మొదలైన రచన రెండో కూర్పులో మనిషి గుణాన్ని ఎలా గుర్తించాలన్న ప్రశ్నగా విస్తరించింది. మొదటి కూర్పులో చిన్నదిగా ఉన్న వేశ్య మధురవాణి పాత్ర రెండోదానిలో నాటకాన్ని నడిపించే శక్తి అయింది. పాత్రల పేర్లలోనే రచయిత ఒక కొంటెతనం దాచాడు. అగ్నిహోత్రావధానులు నిప్పులాంటి నిష్ఠ గలవాడు, ఆ నిష్ఠతోనే చిన్న కూతురిని ముసలి లుబ్ధావధానులుకు అమ్మజూస్తాడు. గిరీశం నోట ఇంగ్లీషు, సంస్కరణ, వితంతూద్ధరణ గలగలా దొర్లుతుంటాయి. రామప్పపంతులు వ్యాజ్యాలు పుట్టించి బతికే ఊరిపెద్ద. జన్మ, చదువు, పలుకుబడి అనే మూడు గుర్తులూ ఈ ముగ్గురిలో పుష్కలంగా ఉండగా, అగ్నిహోత్రావధానులు బావమరిది కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకు అంటగట్టిన నాటకంలో పాలుపంచుకుని, ఒక చిన్నపిల్ల గొంతు కోయకుండా ఆపిన తెలివి మాత్రం వేశ్యకు దక్కింది.

చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లే ఘట్టం ఈ చర్చకు గుండెకాయ. సౌజన్యారావు నిజంగానే మంచివాడు, వేశ్యల మొహం చూడనని వ్రతం పట్టినవాడు. అప్పట్లో కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు మొదలైనవారు నడిపిన, భోగం మేళాలను బహిష్కరించాలనే ఉద్యమానికి ఆయన నమూనా. మాయమైన ఆ మారువేషపు పెళ్లికూతుర్ని చంపాడన్న కేసు నుంచి లుబ్ధావధానులును బయటపడేసే రహస్యం ఆమె దగ్గర ఉంది, దానికి ఆమె అడిగిన ఫీజు ఒక ముద్దు. పంతులు తటపటాయించి, చివరికి నిరపరాధిని రక్షించడం కోసం వ్రతం విడవడానికి సిద్ధపడతాడు. అప్పుడు వెనక్కి తగ్గేది ఆమె. చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి నేర్పిన నీతి ఒకటి తనకూ ఉందని ఆమె చెప్పినప్పుడు, ఎవరి నియమం ఎవరిని కాపాడిందో తెలియని స్థితిలో పంతులు నిలబడిపోతాడు. ఆమె చేతికి భగవద్గీత అందుతుంది. ఆ పుస్తకం ఇవ్వడంలో పంతులు పాత అలవాటు కొంత మిగిలే ఉందన్న అనుమానం కలుగుతుంది. దీవించే స్థానం నుంచి కిందికి దిగడం మంచివాడికి కూడా అంత సులువు కాదు.

గురజాడ సహాధ్యాయి, మిత్రుడు గిడుగు రామమూర్తి (1863–1940) భాష అనే మరో కొలతను పట్టుకున్నాడు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు, కొండల్లోని సవరల భాష నేర్చుకోవడానికి ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు. ‘చదువురానివాళ్లు’ అని పల్లపు ఊళ్లు కొట్టిపారేసిన మనుషుల ముందు ఒక పంతులు విద్యార్థిగా కూర్చోవడం ఆ రోజుల్లో మాటలు కాదు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి దెబ్బతింది. చెవులతో పట్టుకోవలసిన భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చినది అలాంటి మనిషే. ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమం కూడా మూలంలో ఎవరి మాట మర్యాదైనదన్న ప్రశ్నే. పండితులు జనం మాటను ‘గ్రామ్యం’ అన్నారు, అంటే ఊరి మాట అని అక్షరార్థం, మోటు మాట అని వాడుక. పుస్తకాల భాషలో మాట్లాడితేనే మర్యాద అన్న నమ్మకాన్ని గిడుగు ఎదుర్కొన్న తీరు వాదనకన్నా పదునైనది: గ్రాంథికం రాయాలన్న పండితుల రచనల్లోనే తప్పులు ఏరి చూపించాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఇదే పోరాటంలో భాగం.

పెద్దరికం కళాశాలల్లోకి మళ్లిన విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు; చూపు అంతంతమాత్రంగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పి 1936లో అధ్యక్షుడయ్యాడు. అదే ఊళ్లో బతికిన చాగంటి సోమయాజులు, అంటే చాసో (1915–1994), కథల్లో ఆ సంగీతానికి మరో ముఖం కనిపిస్తుంది. ‘వాయులీనం’లో భార్య రాజ్యం వయొలిన్ నేర్చినది, సంసారంలో పడ్డాక వాయిద్యం మూలపడుతుంది. ఆమెకు పెద్ద జబ్బు చేస్తే మందుల ఖర్చుకు భర్త ఆ వయొలిన్ అమ్మేస్తాడు. భర్త చెడ్డవాడు కాడు, ఆమెను బతికించుకున్నాడు కూడా. కథ బలమంతా అక్కడే ఉంది. మంచి భర్త, నయమైన ఒళ్లు, నిలబడిన కాపురం అన్నీ ఉన్నా స్త్రీ బతుకు నిండినట్టేనా అన్న ప్రశ్నను చాసో గొంతు పెంచకుండా అడిగాడు. ‘ఎంపు’లో ఆయన మరీ కటువు: బిచ్చగాడు కూతురికి వరుణ్ణి ఎంచేటప్పుడు గుడ్డితనం లోపంగా కాక రాబడిగా లెక్కకొస్తుంది. లోకం లోపమన్నది ఆకలి దగ్గర యోగ్యత అయిపోతుందన్నమాట.

ఈ పరిశీలనంతటినీ ఒక్క ఊరి రచ్చబండ మీదికి తెచ్చిన రచన కాళీపట్నం రామారావు (1924–2021) 1964లో రాసిన ‘యజ్ఞం’. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన ఈ బడిపంతులు కారా మాస్టారుగా ప్రసిద్ధుడు. కథలోని శ్రీరాములునాయుడు లంచగొండి కాడు, తాగుబోతు కాడు. ఊరికి బడి, బాట తెచ్చినవాడు, గాంధేయుడు. షావుకారు గోపన్నకు దళితుడైన అప్పల్రాముడు పడ్డ పాత బాకీ గురించి ఏళ్ల తరబడి సాగిన తగువును ఆయన ఓర్పుగా తీరుస్తాడు: అప్పు తీర్చడం ధర్మం కాబట్టి తీర్చవలసిందే. తీర్పులో తప్పు పట్టడానికి వీల్లేదు. ఉన్న భూమి పోతే ఆ ఇంటివాళ్లు కంబార్లుగా, అంటే ఏడాది జీతానికి రైతు ఇంట కట్టుబడ్డ పాలేర్లుగా మారాలి. ఆ గతి పట్టకూడదని అప్పల్రాముడి కొడుకు తన పసిబిడ్డనే నరుకుతాడు. ఈ ముగింపుపై దశాబ్దాలపాటు వాదాలు జరిగాయి, జరగవలసినవే. కానీ ముగింపును పక్కనబెట్టినా, మాట నిలబెట్టుకోవడం అనే గుణం భూమి ఉన్నవాడికి గౌరవం, లేనివాడికి ఉరి అన్న సంగతి కథలో మిగిలే ఉంటుంది. బొబ్బిలి కోట లోపల పోయిన ప్రాణాలకూ ఈ గుడిసెలో పోయిన ప్రాణానికీ మధ్య రెండు శతాబ్దాల దూరం ఉన్నా, పరువు ఖరీదు చెల్లించేది పసివాళ్లే కావడం యాదృచ్ఛికం అనిపించదు.

అదే కాలంలో శ్రీకాకుళం ఏజెన్సీ కొండల్లో షావుకార్ల అప్పులు గిరిజనుల పోడునూ పంటనూ తినేస్తుండగా, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజన సంఘాన్ని కట్టారు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక ఉద్యమం సాయుధ మార్గం పట్టింది. 1970 జూలైలో ఇద్దరు మాస్టార్లూ హతులయ్యారు. హింస మంచిచెడ్డలు వేరే చర్చ. పెద్దరికం చరిత్రకు సంబంధించినంతవరకు, కొండ మీద అప్పటిదాకా పెద్దమనిషిగా ఉన్న షావుకారును లెక్కపెట్టడం మానేయడమే అక్కడి మొదటి మార్పు. 1970లోనే వచ్చిన 1/70 భూబదలాయింపు చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించింది.

కారా మాస్టారు 1970ల తర్వాత కథలు రాయడం దాదాపు ఆపేశాడు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది; ఆ సొమ్ముతో ఆయన ఇల్లు కట్టలేదు, సొంత రచనల సంపుటాలు వేయించలేదు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచాడు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ, అది ఎంత చిన్న పత్రికలో వచ్చినదైనా, దొరికిన మేరకు సేకరించి భద్రపరచడం దాని పని. పేరుపొందిన రచయిత పేరూ, జీవితంలో ఒకే ఒక్క కథ రాసి ఊరుకున్నవాడి పేరూ అక్కడి జాబితాలో అక్షరక్రమంలోనే ఉంటాయి. పాత వారపత్రికల కట్టల మధ్య, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జిరాక్సు ప్రతుల మీద తేదీలు సరిచూసుకుంటూ, ఎనభై దాటిన వయసులోనూ ఆయన ఆ పనిలోనే కనిపించేవాడు.