స్ప్రింగు లేని బండి

బెంగళూరు నుంచి మైసూరు దారిలో 50 కిలోమీటర్లు వెళ్తే రామనగర రాతిగుట్టలు వస్తాయి. ‘షోలే’ సినిమా తీసింది ఇక్కడే. రిమోట్‌తో రాళ్లెక్కే బొమ్మబండి, అంటే రాక్ క్రాలర్, కట్టుకున్నవాడికి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. అల్యూమినియం పట్టీలు కోసి నేను బిగించుకున్న మొదటి చాసీ అక్కడే, మోకాలెత్తు బండ మీద, వెల్లకిలా పడింది. మోటారు బలం చాల్లేదనుకుని పెద్దది వేశాను. మళ్లీ పడింది. చివరికి పాత మోటారే పెట్టి, బ్యాటరీని పైనుంచి తీసి ముందు ఇరుసు దగ్గర వీలైనంత కిందికి దించి, మెత్తటి స్ప్రింగులు వేశాను. అదే బండ నింపాదిగా ఎక్కేసింది.

బరువు నాలుగు చక్రాలకీ సరిగ్గా పంచగలిగితే చిన్న మోటారు చాలు. ఈ సంగతి చేతికి తెలిశాక, బెంగళూరులోనే తయారైన మరో క్రాలర్ మీదికి నా ధ్యాస మళ్లింది. దాని పేరు ప్రజ్ఞాన్. బరువు 26 కిలోలు. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో తిరిగింది. దాని సస్పెన్షన్‌లో ఒక్క స్ప్రింగు కూడా లేదు.

ఇలాంటి బండ్లకు పెద్దదిక్కు లునొఖోద్. 1970 నవంబరు 17న సోవియట్ యూనియన్ చంద్రుడి మీద దింపిన ఎనిమిది చక్రాల బండి అది. బరువు 756 కిలోలు. క్రిమియాలో కూర్చున్న అయిదుగురి బృందం తెరమీద బొమ్మలు చూస్తూ రేడియోతో దాన్ని తోలింది. పదిన్నర కిలోమీటర్లు నడిచింది. మన బొమ్మబండ్ల ఆట ఊరూరా వ్యాపించక ముందే, రేడియోతో మరో లోకంలో బండి తోలడం జరిగిపోయింది.

అంత బరువు మోసుకెళ్లే రాకెట్ లేనివాళ్లు ఏం చేయాలి? చిన్న బండితోనే పెద్ద రాయి ఎక్కాలి. దానికి దారి చూపినవాడు అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీరు డాన్ బిక్లర్. 1980ల చివర ఆయన ఆలోచించిన ఏర్పాటుకు 1989లో పేటెంటు వచ్చింది. రాకర్-బోగీ అన్న పేరుతో అదే ప్రపంచమంతా తెలిసింది.

దాన్ని అర్థం చేసుకోవడానికి వంటింట్లో ముక్కాలిపీట చూస్తే చాలు. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లూ ఆనుతాయి. నాలుగు కాళ్ల బల్ల అయితే ఒక కాలు గాల్లో ఉండి ఊగుతుంది. గాల్లో ఉన్న చక్రం బండిని నడపలేదు. మామూలు బళ్లలో ఆ లోటు తీర్చడానికే స్ప్రింగు పెడతారు. కానీ స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత గట్టిగా తిరిగి తోస్తుంది. రాయెక్కిన చక్రం మీద బరువంతా పడి, మిగతావి తేలికై, దుమ్ములో ఊరికే తిరుగుతాయి. గరుకు గ్రానైటు మీద మెత్తటి రబ్బరు టైర్ల పట్టుతో మన బొమ్మబండి ఈ తప్పును కప్పిపుచ్చుకుంటుంది. గాలి లేని చంద్రుడి మీద, అక్కడి ఎండకూ చలికీ రబ్బరు నిలవదు.

బిక్లర్ స్ప్రింగు తీసేసి తక్కెడ పెట్టాడు. బండికి ఒక్కో పక్కన మూడు చక్రాలు. వాటిలో రెండు ఒక చిన్న కడ్డీకి చెరో కొసన ఉంటాయి. ఆ కడ్డీ మధ్యలో కీలు. ఇది చిన్న తక్కెడ, బోగీ. ఆ కీలును పెద్ద కడ్డీ ఒక కొసన మోస్తుంది, రెండో కొసన మూడో చక్రం. ఇది పెద్ద తక్కెడ, రాకర్. ఒక చక్రం లేస్తే పక్కది దిగుతుంది, అంతే. ఏ చక్రమూ నేల వదలదు, బరువు ఇంచుమించు సమంగానే ఉంటుంది. కుడి ఎడమల రాకర్లను ఒక డిఫరెన్షియల్ కలుపుతుంది. ఎడమ రాకర్ 20 డిగ్రీలు లేచి కుడిది కదలకుంటే, మధ్యలో ఉన్న పెట్టె 10 డిగ్రీలే ఒరుగుతుంది. నాకు ఈ డిఫరెన్షియలే అన్నిటికన్నా అందంగా అనిపిస్తుంది. కెమెరాలూ సోలార్ పలకా ఉన్న పెట్టెకు చక్రాల కుదుపులో సగమే చేరుతుంది.

ఇక రాయెక్కడం. ముందు చక్రం రాయికి తగలగానే వెనక చక్రాలు దాన్ని రాయికేసి నొక్కుతాయి. ఆ ఒరిపిడితోనే అది పైకి పాకుతుంది. తరవాత మధ్య చక్రాన్ని వెనకది తోస్తుంది, ముందుది లాగుతుంది. ఆఖర్న వెనక చక్రాన్ని ముందు రెండూ లాగేస్తాయి. వేగం అక్కర్లేదు, ఓపిక కావాలి. 1997లో సోజర్నర్ ఈ చాసీతోనే అంగారకుడి మీద నడిచింది.

మన కథ 2007లో మొదలైంది. చంద్రయాన్-2 కోసం ఇస్రో, రష్యా అంతరిక్ష సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. దింపే వాహనం రష్యాది. 2011లో రష్యా పంపిన ఫోబోస్-గ్రుంట్ యాత్ర విఫలమయ్యాక ఆ ల్యాండర్ ఆలస్యమవుతూ వచ్చి, చివరికి రాకుండాపోయింది. అంతా మనమే కట్టుకోవాలని 2013లో తేలింది. బెంగళూరు ఉపగ్రహ కేంద్రం, ఇప్పటి యు.ఆర్.రావు ఉపగ్రహ కేంద్రం, ఆ పని తలకెత్తుకుంది.

వాళ్లు రాకర్-బోగీనే తీసుకున్నారు, కానీ తమ బండికి తగ్గట్టు మార్చుకున్నారు. సోజర్నర్‌లో మూల చక్రాలు తిప్పడానికి విడిగా మోటార్లుండేవి. ప్రజ్ఞాన్‌లో అవి లేవు. ఆరు చక్రాలకూ ఆరు మోటార్లు, అంతే. ఒక పక్క వేగం తగ్గించి రెండో పక్క పెంచితే బండి తిరుగుతుంది. లునొఖోద్ తిరిగిన పద్ధతి కూడా ఇదే. చక్రాలు మట్టిలో ఈడ్చుకుపోతాయి కాబట్టి శక్తి కొంత వృథా అవుతుంది. బదులుగా మోటార్ల బరువు మిగులుతుంది, చెడిపోగల భాగాలు తగ్గుతాయి. మొత్తం బండికి దొరికే కరెంటు 50 వాట్లు, ఇంట్లో సీలింగ్ ఫ్యానుకు అయ్యేంత. ఆ లెక్కలో చూస్తే ఇది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం.

బండి కట్టాక నడపడానికి నేల కావాలి. చంద్రుడి మట్టిలాంటి పొడిని విదేశాల నుంచి తెప్పించుకుంటే విపరీతమైన ఖర్చు. తమిళనాడు నామక్కల్ జిల్లాలోని సిత్తంపూండి, కున్నమలై ఊళ్ల దగ్గర అనార్థసైట్ అనే రాయి దొరుకుతుంది. చంద్రుడి ఎత్తుభూముల రాయికి అది దగ్గరి చుట్టం. సేలం పెరియార్ విశ్వవిద్యాలయం, తిరుచ్చి ఎన్.ఐ.టి., బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. నిపుణుల సాయంతో ఆ రాయిని పిండి కొట్టించి, టన్నులకొద్దీ తెచ్చి మారతహళ్లి ఇస్రో ప్రాంగణంలో పరిచారు. చంద్రుడి ఆకర్షణ భూమిదానిలో ఆరో వంతే కాబట్టి హీలియం బెలూన్లతో రోవర్ బరువు తగ్గించారు. పక్కవాటుగా పడే ఎండకోసం స్టూడియో దీపాలు వెలిగించారు. వేల కోట్ల సంస్థ కూడా నాలాంటివాడు పెరట్లో చేసే పనే చేసింది: బండిని మట్టిలో దింపి, ఎక్కడ ఇరుక్కుంటుందో చూడటం.

అదే బెంగళూరులో టీమ్‌ఇండస్ అనే ప్రైవేటు బృందం గూగుల్ లూనార్ ఎక్స్‌ప్రైజ్ పోటీ కోసం నాలుగు చక్రాల చిన్న రోవర్ కట్టింది. పేరు ‘ఏక్ ఛోటీసీ ఆశా’. ఎవరూ గెలవకుండానే 2018లో పోటీ ముగిసింది. ఆ బండి ఎగరలేదు.

చంద్రయాన్-2తో వెళ్లిన మొదటి ప్రజ్ఞాన్‌కూ నడిచే రోజు రాలేదు. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున దాని ల్యాండర్ విక్రమ్ కూలిపోయినప్పుడు అది లోపలే ఉంది. చాసీలో తప్పేమీ బయటపడలేదు, ఎందుకంటే చక్రం నేలను తాకనేలేదు. నాలుగేళ్లు ఆగారు. 2023 జూలై 14న మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగింది. మర్నాటికి రోవర్ వాలుబల్ల మీదుగా కిందికొచ్చింది.

దాన్ని తోలడం మన రిమోట్‌లా ఉండేది కాదు. రోవర్ ముందున్న రెండు కెమెరాలు తీసిన బొమ్మలు ల్యాండర్ విక్రమ్ ద్వారా బెంగళూరు చేరేవి. అక్కడి పీణ్యలోని ఇస్రో కేంద్రంలో వాటితో నేల ఎత్తుపల్లాల పటం గీసేవారు. ఆ పటం అయిదు మీటర్ల మేరకే నమ్మదగ్గది. కాబట్టి ఒక్క ఆదేశానికి అయిదు మీటర్లే, సెకనుకు సెంటీమీటరు వేగంతో. మొదట్లోనే సుమారు 10 సెంటీమీటర్ల లోతు గుంట ఎదురైంది. దాటింది. ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి కనిపించింది. ఈసారి వెనక్కి మళ్లించి వేరే దారిన పంపారు. వంద మీటర్లు దాటి నడిచాక, సెప్టెంబరు 2న నిద్రపుచ్చారు. చంద్రుడి రాత్రి చలి తట్టుకునేలా దాన్ని కట్టలేదు. సెప్టెంబరు 22 తరవాత పిలిచినా పలకలేదు. దాని చక్రాల జాడలు, చెరిపే గాలి లేదు కాబట్టి, అక్కడే ఉన్నాయి.

క్రాలర్ మీద ఇష్టమున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, తరవాతి బండి కొనివ్వకండి. పీవీసీ పైపు ముక్కలు, కీళ్లకు నట్లూ బోల్టులూ, ఆరు గేరు మోటార్లు ఇచ్చి రాకర్-బోగీ కట్టించండి. మోటార్లకు వైరు తగిలించకముందే ఒక చక్రం కింద లావుపాటి పుస్తకం పెట్టి, మిగతా అయిదింటి కిందా కాగితం ముక్కలుంచి లాగి చూడమనండి. ఒక్క కాగితం సులువుగా వచ్చేసినా ఎక్కడో కీలు బిగుసుకుందన్నమాట. విప్పి మళ్లీ బిగించాలి.