నాసికా పునర్నిర్మాణం: గ్రంథమూ, హస్తమూ

భారతీయుల దృష్టిలో ముక్కు కేవలం శ్వాసావయవం కాదు. అది మానానికీ మర్యాదకూ గుర్తు. శూర్పణఖ పరాభవ వృత్తాంతం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. భద్రాచలానికి సమీపాన ఉన్న పర్ణశాలలోనే ఆ ఘట్టం జరిగిందని అక్కడివారి విశ్వాసం. పురాణగాథను అటుంచినా, శిక్షగా ముక్కు కోయటమన్నది మన చరిత్రలో నిజంగానే ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం వ్యభిచార దోషానికి స్త్రీకి చెవులూ ముక్కూ కోయవలసిన దండనను పేర్కొంటుంది. అదే గ్రంథం కొన్ని అంగచ్ఛేద శిక్షలకు బదులుగా జరిమానా చెల్లించి బయటపడే వెసులుబాటును కూడా కల్పించింది. అంటే ధనం ఉన్నవానికి అవయవం దక్కేది. ప్రాణం తీయక, అవమానాన్ని ముఖాన శాశ్వతంగా లిఖించి పంపే ఈ శిక్షకు విరుగుడు కూడా ఈ దేశంలోనే పుట్టింది. ఆ విరుగుడు చరిత్రను మనం తరచుగా ఒకే ఒక్క పేరుతో ముగిస్తూ ఉంటాము. అది న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ పేరు సుశ్రుతునిది. సుశ్రుతసంహిత అనేక దశలలో రూపొందిన గ్రంథమని పండితుల అంగీకారం. దాని కాలనిర్ణయంలో వారికి ఏకాభిప్రాయం లేదు. నేపాల్‌లో లభించిన దాని తాళపత్ర ప్రతి ఒకటి క్రీ.శ. 878 నాటిది. సూత్రస్థానం పదహారవ అధ్యాయం ముక్కుతో కాక చెవితో మొదలవుతుంది. పిల్లల చెవులు రక్షకోసమూ, భూషణంకోసమూ కుట్టాలని చెప్పి, కుట్టిన రంధ్రాన్ని క్రమంగా పెంచే పద్ధతిని, తెగిపోయిన తమ్మెలను అతికే పదిహేను విధాలను ఆ అధ్యాయం వివరిస్తుంది. అలంకారానికై చేసిన పనీ, గాయానికి చేసిన చికిత్సా అక్కడ ఒకే అధ్యాయంలో ఇమిడిపోయాయి. వాటి నడుమ గీత గీయాలన్న తలంపు ఆ గ్రంథకర్తకు కలిగినట్లు లేదు.

ముక్కు ప్రసక్తి అధ్యాయం చివరలో వస్తుంది. ముక్కు కొలతకు సరిపోయే చెట్టు ఆకును తెచ్చి, ఆ ప్రమాణంలో చెంపనుండి మాంసంతోకూడిన చర్మాన్ని, ఒక అంచు అంటి ఉండగానే ఎత్తాలి. మోడువారిన ముక్కును గీరి పచ్చిచేసి, ఆ చర్మాన్ని దానిపై అతికి, జాగ్రత్తగా కట్టాలి. ఊపిరి ఆడేందుకు రెండు గొట్టాలు అమర్చాలి. పతంగచెక్క, అతిమధురం, రసాంజనం పొడి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికీ తడపాలి. అతుకు కుదిరిన తరువాత మిగిలిన బంధాన్ని కోయాలి. కొరత ఉంటే పెంచాలి, ఎక్కువైతే సరిచేయాలి. పెదవిని అతికే విధానమూ ఇదే, గొట్టాలు మాత్రం అక్కరలేదు. ఇంతటి శస్త్రక్రియను కొద్ది శ్లోకాలలో చెప్పగలగటం ఆశ్చర్యకరమే. అయితే శ్లోకం కంఠస్థమైనంత మాత్రాన కత్తి పట్టరాదని సుశ్రుతుడే హెచ్చరించాడు. శిష్యులు గుమ్మడికాయలపైనా, సొరకాయలపైనా కోత అభ్యసించాలని, చెవి అతుకును మెత్తని మాంసఖండాలపైనా కలువతూడులపైనా నేర్చుకోవాలని ఆయన నిర్దేశం.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. గ్రంథంలో ఉన్నది చెంప చర్మం. ‘భారతీయ పద్ధతి’ అని ప్రపంచమంతటా పేరు పొందినది మాత్రం నుదుటి చర్మంతో చేసే శస్త్రక్రియ. సభలలోనూ, సంచికలలోనూ ఈ రెంటినీ కలిపివేసి, నుదుటి పద్ధతిని నేరుగా సుశ్రుతునికే అంటగట్టటం పరిపాటి అయినది. చెంపనుండి నుదుటికి మారిన ఆ ముందడుగును ఎవరు, ఎప్పుడు, ఏ ఊరిలో వేశారో చెప్పే శ్లోకం లేదు. అది గ్రంథం వెలుపల, పనిచేసే చేతులలో జరిగిన మార్పు.

దక్కనులో ఆ చేతుల జాడ పదిహేడవ శతాబ్దపు చివరనే కనిపిస్తుంది. మొగలుల కొలువులో మసలి, పిమ్మట మద్రాసులో స్థిరపడి వైద్యం చేసిన వెనిస్ నగరవాసి నికోలావ్ మనుచ్చి తన గ్రంథంలో ఔరంగజేబు బీజాపూరు దండయాత్రను ప్రస్తావిస్తాడు. మొగలుల శిబిరంనుండి గడ్డి కోయటానికీ, చొప్ప ఏరటానికీ వెళ్ళినవారు పట్టుబడితే, బీజాపూరువారు వారిని చంపక, ముక్కులు కోసి పంపేవారట. నెత్తురు కారుతూ వచ్చిన ఆ నిర్భాగ్యులకు దేశీయ శస్త్రవైద్యులు కనుబొమలపైని చర్మాన్ని కోసి, కిందికి మడిచి, మెలితిప్పి ముక్కుపై అతికేవారని ఆయన వ్రాశాడు. యుద్ధం సుల్తానులదీ పాదుషాలదీ. ముక్కులు మాత్రం గడ్డి కోసేవారివి.

ఒక శతాబ్దం గడిచాక అదే కథ మళ్ళీ జరిగింది. 1790-92 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లేయ సైన్యానికి ఎడ్లు తోలే కావస్‌జీ అనే మహారాష్ట్రుడు టిప్పు సుల్తాను మనుషుల చేత చిక్కాడు. వారతని ముక్కునూ, ఒక చేతినీ నరికివేశారు. అతనితోపాటు నలుగురు ‘తిలంగా’ సిపాయీలకు కూడా ఇదే గతి పట్టిందని ఈ వృత్తాంతాన్ని వ్రాసినవారు చెబుతారు. తెలుగునేలనుండి తొలినాళ్ళలో విరివిగా సిపాయీలు చేరటంవల్లనే, కుంఫిణీ సిపాయీకి ఆ పేరు వాడుకలోకి వచ్చిందన్నది ప్రసిద్ధం. ఆ నలుగురి పేర్లు ఎక్కడా లేవు.

సుమారు ఏడాదిపాటు ముక్కు లేకుండా గడిపిన కావస్‌జీకి, పుణే సమీపాన ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి కొత్త ముక్కు నిర్మించాడు. బొంబాయి ప్రెసిడెన్సీకి చెందిన ఇద్దరు ఆంగ్ల వైద్యులు పక్కన నిలిచి చూశారు. చిత్రకారుడు జేమ్స్ వేల్స్ కావస్‌జీ ముఖచిత్రాన్ని వ్రాశాడు. 1794 అక్టోబరులో లండనులోని ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ పత్రిక ఒక లేఖగా ఈ వృత్తాంతాన్ని చిత్రంతోసహా ప్రకటించింది.

ఆ లేఖలోని వివరం చదువదగినది. పలుచని మైనపు రేకును ముక్కు మోడుపై అమర్చి, చక్కని ముక్కు ఆకారం తెచ్చి, దానిని చదునుచేసి నుదుటిపై పరచి, చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంట చర్మాన్ని ఒలిచి, రెండు కన్నుల నడుమ సన్నని పట్టీని మాత్రం తెంపకుండా ఉంచుతారు. ముక్కు మోడు అంచులను చెక్కి, పైపెదవి వరకూ గాటు పెట్టి, చర్మాన్ని సగం మెలితిప్పి దించి, దాని అంచును ఆ గాటులో చొప్పిస్తారు. తాంబూలంలో వాడే కాచును నీటితో మెత్తచేసి, గుడ్డ పేలికలకు పూసి, అయిదారు పొరలుగా అంటిస్తారు. నాలుగు దినాలు అదే కట్టు. తరువాత నేతిలో తడిపిన గుడ్డ. పదవనాడు ముక్కుపుటాలలో మెత్తని గుడ్డ ముక్కలు పెడతారు. ఇరవైఅయిదవ రోజు ప్రాంతాన నడిమి పట్టీని కోస్తారు. మత్తుమందు లేని కాలమది. ఈథరు వాడకం 1846లోగాని రాలేదు.

ఆ సన్నని పట్టీలోనే విద్య అంతా ఉన్నది. కనుబొమల లోపలి కొసలనుండి నుదుటికి ఎగబ్రాకే రక్తనాళం దానిగుండా పోతుంది. కొత్తచోట అతుకు కుదిరి, అక్కడి రక్తం అందేవరకూ చర్మం పాత రక్తంతోనే బ్రతుకుతుంది. తొందరపడి కోస్తే ముక్కు నల్లబడి రాలిపోతుంది. నేటి శస్త్రవైద్యులు కూడా నుదుటి చర్మంతో ముక్కు కట్టినప్పుడు సాధారణంగా మూడు వారాలు ఆగి ఆ బంధాన్ని వేరుచేస్తారు. ఇటుకల పనివాని లెక్కకూ, వీరి లెక్కకూ తేడా కొద్ది రోజులే.

ఐరోపాకు ముక్కు నిర్మాణం బొత్తిగా కొత్త కాదు. బొలోన్యా నగర ఆచార్యుడు తాలియకోట్సీ 1597లోనే చేతి చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. కాని వారాల తరబడి చేతిని ముఖానికి కట్టి ఉంచవలసిన ఆ పద్ధతి మరుగునపడింది. లండను వైద్యుడు జోసెఫ్ కార్‌ప్యూ భారతీయ పద్ధతిని గురించి తెలుసుకుని, మృతదేహాలపై అభ్యసించి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ముక్కు నిర్మించాడు. 1816లో గ్రంథం ప్రకటించాడు. 1818లో బెర్లిన్‌లో గ్రేఫె మరొక గ్రంథం వెలువరించాడు. కార్‌ప్యూ పేరు చిరస్థాయి అయినది. లండను లేఖలో కావస్‌జీ పేరున్నది, చూచిన వైద్యుల ప్రస్తావన ఉన్నది. చేసినవానికి కులమే తప్ప పేరు లేదు.

స్వదేశంలో ఆ విద్య వెంటనే అంతరించలేదు. కాంగ్రాలో కొన్ని కుటుంబాలు ఇరవయ్యవ శతాబ్దం వరకూ దానిని వంశపారంపర్యంగా నిలుపుకున్నాయి. జునాగఢ్ సంస్థాన వైద్యాధికారి త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా 1889లో నూరు నాసికా నిర్మాణాల వివరాలతో పుస్తకం ప్రకటించాడు. ఒకే సంస్థానంలో నూరు ముక్కులంటే ఎంతమంది కత్తులు ఎంత తీరికగా తిరిగాయో ఊహించవచ్చు. ఇందూరులో పనిచేసిన కీగన్, కొత్త ముక్కు లోపలినుండి కుంచించుకుపోకుండా దానికి లోపొర కూడా కల్పించే మెరుగును సూచించాడు.

గాయం లేని ముక్కును సైతం అందానికై సవరించటం ఆ తరువాతి మాట. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ తన ముక్కు పరిమాణంవల్ల జనంలోకి రావటానికి జంకే యువకునికి దానిని చిన్నది చేశాడు. అది సౌందర్యమా, చికిత్సా అన్న వివాదం అప్పుడే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఛిద్రమైన సైనికుల ముఖాలను ఇంగ్లండులో హెరాల్డ్ గిలీస్ పునర్నిర్మించాడు. ఆయనవద్ద శిక్షణ పొందిన నోషిర్ ఆంటియా 1950వ దశకంలో స్వదేశానికి వచ్చి, కావస్‌జీకి ముక్కు మొలిచిన ఆ పుణే పొలిమేరలోనే, కోంఢ్వా కుష్ఠు వైద్యాలయంలో పనికి పూనుకున్నాడు. కుష్ఠులో ముక్కుపై చర్మం ఉంటుంది. లోపలి ఆధారం కరిగి, పొర కుంచించుకుపోయి ముక్కు కుంగుతుంది. కనుక నుదుటి చర్మం అక్కరలేదు, లోపలినుండి విడదీసి కొత్త పొర వేయాలి. వ్యాధి నయమైనా, కుంగిన ముక్కును చూసి ఊరు రానివ్వని రోగికి ఈ శస్త్రక్రియను అందానికి చేసినదని ఎవరనగలరు?

ఆ ప్రశ్న నేటికీ కార్యాలయాల బల్లలమీద ఉన్నది. ఆరోగ్యబీమా నియమాలు సౌందర్య శస్త్రచికిత్సను సాధారణంగా మినహాయిస్తూ, ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణాన్ని మాత్రం అంగీకరిస్తాయి. పూర్వం కత్తితో చేసిన పనిని మన కాలంలో ఆమ్లంతో చేస్తున్నారు; బాధితులలో అత్యధికులు స్త్రీలే. 2013లో శిక్షాస్మృతిలో ఈ నేరానికి ప్రత్యేక నిబంధన చేరింది. 2024 జులైనుండి భారతీయ న్యాయ సంహిత 124వ సెక్షను దాని స్థానంలో ఉన్నది. సుప్రీంకోర్టు 2013లో కనీసం 3 లక్షల రూపాయల పరిహారాన్ని నిర్దేశించింది. 2015లో ప్రైవేటు ఆసుపత్రులు సైతం ఈ బాధితులకు ఉచితంగా పూర్తి చికిత్స చేయాలని ఆదేశించి, మందులు, ఆహారం, పడకతోపాటు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు కూడా అందులో భాగమేనని స్పష్టంచేసింది.