ముందు ఇల్లు, ఆ తర్వాతే మిగతావి

రాత్రి హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగాక ఆ మెట్ల మీద, నాంపల్లి స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద పక్కలు పడతాయి. అడ్డా కూలీలు, హమాలీలు, అయినవాళ్లు వదిలేసిన ముసలివాళ్లు, మతి చలించినవాళ్లు. వీళ్లందరినీ ఒక్క మాటతో తేల్చేస్తుంటారు: "షెల్టర్ ఉన్నా పోరు, వీళ్లు మారరు." ఈ మాట తప్పని నిరూపించినవాడు న్యూయార్క్ వీధుల్లో తిరిగిన ఒక మనస్తత్వ నిపుణుడు.

ఆయన పేరు శామ్ సెంబెరిస్. గ్రీసులో పుట్టి కెనడాలో పెరిగారు. ఇల్లూ వాకిలీ లేని మానసిక రోగులను ఆసుపత్రికి చేర్చడం ఆయన పని. చేర్చినవాళ్లే కొన్నాళ్లకు మళ్లీ వీధిలో కనిపించేవారు. లోపం పద్ధతిలో ఉంది. ముందు మందులు వాడాలి, తాగుడు మానాలి, ఉమ్మడి వసతిలో కుదురుగా ఉండాలి. ఇల్లు అన్నిటికన్నా చివర. మధ్యలో కాలు జారితే వైకుంఠపాళిలో పాము మింగినట్టే, మళ్లీ మొదటికి.

ఏం కావాలని వాళ్లనే అడిగారు. ఉండడానికి చోటు కావాలన్నారు. 1992లో 'పాత్‌వేస్ టు హౌసింగ్' సంస్థ పెట్టి, ముందుగా ఇల్లే చేతికిచ్చారు. ఆదాయంలో 30 శాతం అద్దె కట్టాలి, సిబ్బంది ఇంటికొచ్చి పలకరిస్తే కాదనకూడదు. వైద్యం వాళ్ల ఇష్టం. 2000లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఐదేళ్ల తర్వాత 88 శాతం మంది ఇళ్లలోనే నిలిచారు. పాత పద్ధతిలో 47 శాతమే. కెనడాలో ఐదు నగరాల్లో జరిగిన ప్రయోగంలోనూ ఇదే దారి గెలిచింది. ఇల్లిచ్చినంత మాత్రాన జబ్బూ తాగుడూ మాయం కాలేదు, ఆ సంగతీ చెప్పాలి. కానీ బాగుపడితేనే ఇల్లు అన్న వాదన మాత్రం నిలవలేదు.

గూడు లేని మనిషికి ముందే బాగుపడటం ఎందుకు కష్టమో మన పొరుగున జరిగిన ఒక అధ్యయనం సూచిస్తుంది. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందూ తర్వాతా తెలివి పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటలాడే రోజుల్లో వెనకబడ్డ రైతులే, పంట డబ్బు అందాక మెరుగ్గా రాశారు. 2013లో 'సైన్స్' పత్రిక ఈ ఫలితాలు వేసింది. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దిగులే బుర్ర నిండా ఉన్న మనిషిని, ముందు నీ జీవితం దిద్దుకో అనడం అన్యాయం. చెన్నైలో 'ద బానియన్' సంస్థ ఈ సంగతి గ్రహించింది. 'హోమ్ అగైన్' పేరుతో, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన స్త్రీలను కొద్దిమంది చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లకు తెచ్చింది.

హైదరాబాద్ వేరే దారి పట్టింది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చిన అంతర్జాతీయ సదస్సుకు ముందు పోలీసులు రెండు నెలలు భిక్షాటన నిషేధించి, పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని వసతులకు తరలించారు. కంటికి కనబడకుండా చేయడం వేరు, గూడు కల్పించడం వేరు.

2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి షెల్టర్ ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని, 24 గంటలూ తెరిచి ఉండాలని చెప్పాయి. అవన్నీ అవసరమే. అయినా ఆలుమగలను విడదీసే చోటికి, మూటకు భద్రత లేని చోటికి, తెల్లారేసరికి అడ్డాకు చేరలేనంత దూరానికి ఎవరు ఇష్టపడి వెళ్తారు? అబిడ్స్, నాంపల్లిలో తలలు లెక్కపెట్టే అధికారులారా, ఎవరితో ఉంటారో, ఎక్కడ పనికి పోతారో, ఏం కావాలో ముందు అడగండి. కొందరికైనా అద్దె గదులు ఇప్పించి చూడండి.