అంకెలకు రూపమిచ్చిన చరిత్ర

అనంతపురము సీమలో ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటయు, ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము దాటి లోనికి వచ్చుసరికి దాని బలము తగ్గుటయు ఇందుకు కారణములు. ఈ అంకెను వినినవారికి వాన కొంచెమని తెలియును గాని, ఆ కొరత కన్నులకు కట్టదు. అంకెను కన్నులకు కట్టించు విద్య ఎట్లు పుట్టినదో, ఈ మెట్టసీమకు ఎట్లు చేరినదో ఇచట ముచ్చటింతము.

అంకెల పట్టికను గీతలుగా మార్చి చూపినవారిలో మొదట చెప్పదగినవాడు స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫేర్. 1786లో ప్రకటించిన గ్రంథములో అతడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను కాలక్రమమున సాగు గీతలుగా చిత్రించెను. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధమునందలి సైనిక మరణములను నెలకొక్క రేకు చొప్పున పుష్పాకృతిలో చూపెను. నివారింపదగిన వ్యాధులకు నీలము, గాయములకు ఎరుపు, ఇతర కారణములకు నలుపు. రంగులు మూడే, చెప్పదలచిన మాట ఒక్కటే: శత్రువు తుపాకి కంటె రోగమే ఎక్కువమందిని చంపినది. ఏ పటమునకైనను ఇదియే మొదటి సూత్రము. ఒక పటము ఒక్క మాటనే చెప్పవలెను.

1876-78 సంవత్సరములలో మహాక్షామము దక్షిణాదిని పీడించెను. మిక్కిలి దెబ్బ తినిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. అనంతపురము అప్పుడు దానిలోనిదే. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ నైటింగేలే 1878లో భారత ప్రజల దుస్థితిని గూర్చి వ్యాసము వ్రాసెను. సర్ ఆర్థర్ కాటన్ వలెనే ఆమెయు నీటిపారుదల కొరకు వాదించెను.

రెండవ సూత్రము కొలతకు సంబంధించినది. ఒక ఊర 500, వేరొక ఊర 1000 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. దీనిని చూపుటకై రెండవ బిందెను రెట్టింపు ఎత్తున గీసినచో వెడల్పును రెట్టింపగును. చూపరులకు అది నాలుగింతలుగా తోచును. గీసినవాడు అబద్ధమాడకున్నను పటము అబద్ధమాడును. 1925లో వియన్నాలో ప్రదర్శనశాల నెలకొల్పిన ఓటో నాయిరాత్ దీనికి చక్కని మందు కనుగొనెను: బొమ్మ పరిమాణము మార్చరాదు, సంఖ్యను పెంచవలెను. పెద్ద బిందెకు బదులు రెండు సమానమైన బిందెలను గీయవలెను.

మూడవది ఈ సీమ నేర్పు పాఠము. సగటు మోసము చేయును. ఏటి మొత్తము సరిపోయినను, వేరుసెనగ ఊడలు దిగు వేళ మూడు వారములు వాన లేకున్న పంట పోవును. ఏటికొక్క గీత గీసిన పటములో ఆ ఏడు మంచి ఏడే. రైతు ఇంట మాత్రము అప్పు మిగులును. కావున వారమున కొక్క గీత కావలెను.

ఈ సూత్రములు గ్రామమునకు చేరిన తీరు ముచ్చటైనది. 2010కి పూర్వపు దశకములో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురముతో కూడ ఏడు కరువు జిల్లాలలో రైతులే వానను కొలిచిరి. బావులలో నీటిమట్టమును కొలిచిరి. ఆ లెక్కలను ఊరి బోర్డులపై వ్రాసి అందరికి చూపిరి. రబీకి ముందు కూడి, భూమిలోనున్న నీరెంత, పంటలకు కావలసినదెంత అని పక్కపక్కన పెట్టి చూచుకొనిరి. వరి మానుమని ఎవరును శాసింపలేదు. అయినను లోటు కంటబడిన పిదప పెక్కుమంది తక్కువ నీటి పంటల వైపు మరలిరి.

పటము ఆజ్ఞాపింపదు, ఉన్నది ఉన్నట్లు చూపును. ఆ చూపు నిజమైనదగునెడల నిర్ణయము రైతు చేతిలోనే ఉండును. అబద్ధపు పటమునకు మూల్యము చెల్లించువాడును ఆ రైతే.