ఆటిజానికి ఆక్యుపంక్చర్

ఆటిజం ఉన్న పిల్లలకు స్పీచ్ థెరపీ, ప్రవర్తన శిక్షణలకు తోడుగా సన్నని సూదులు గుచ్చి చేసే అనుబంధ చికిత్స. చైనా, హాంకాంగ్‌లలో ఎక్కువ. వేల ఏళ్ల నాటి వైద్యమన్న మాట ఆక్యుపంక్చర్‌కు చెల్లుతుందేమో గానీ, ఆటిజానికి దాన్ని వాడటం మొన్నమొన్నటి సంగతే.

అసలు ఈ స్థితిని 11 మంది పిల్లల్లో గమనించి అమెరికాలో లియో కానర్ వివరించిందే 1943లో. చైనాలో తొలి కేసులను నాన్‌జింగ్ మానసిక వైద్యుడు తావ్ గ్వోతాయ్ 1982లో ప్రకటించారు. అక్కడి సంప్రదాయ వైద్యానికి అంతకుముందు తెలిసినవి ‘ఐదు ఆలస్యాలు’: నిలబడటం, నడవడం, జుట్టు, పళ్లు, మాట. ఆటిజాన్నీ తర్వాత చాలామంది ఈ గాటనే కట్టారు.

తలకు సూదులు గుచ్చే పద్ధతి ఇంకా ఆసక్తికరం. 1970ల తొలినాళ్లలో షాన్సీ రాష్ట్రానికి చెందిన జియావ్ షున్‌ఫా దీన్ని రూపొందించారు. మాటకు, కదలికకు మెదడులో ఏ చోటు పనిచేస్తుందో ఆధునిక వైద్యం గీసిన పటం ఉంది కదా, ఆ చోటికి సరిగ్గా పైన, నెత్తి చర్మంలో సూది దించుతారు. అంటే ‘ప్రాచీన’ చికిత్సకు ఆధారం ఆధునిక పటం! గ్వాంగ్‌జౌలో జిన్ రుయ్ ‘మూడు సూదుల’ పద్ధతి తెచ్చారు. పేరుకు మూడే గానీ, నడినెత్తిన ఉండే బైహుయి బిందువుకు నాలుగు వైపులా నాలుగు గుచ్చుతారు. సూదులు తల మీద ఉండగానే పిల్లలను ఆడించడమూ ఉంది.

హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో పిల్లల నరాల వైద్యురాలు వర్జీనియా వాంగ్ బృందం నాలుకకు సూది గుచ్చే పద్ధతిని పరీక్షించింది. కొందరికి అసలు సూది, కొందరికి ఉత్తుత్తి సూది. ఎదిగే పిల్లవాడు ఏ చికిత్సా లేకున్నా ఎంతో కొంత మెరుగవుతాడు. ఆశతో చూసే తల్లికి ఆ కొంతే కొండంత. అందుకే ఈ పోలిక. ఈజిప్టులో 2008లో 20 మంది పిల్లలపై భాషా శిక్షణతో కలిపి తల సూదులను పరీక్షించారు.

ఇలాంటి 10 పరీక్షలను, 390 మంది పిల్లలను లెక్కలోకి తీసుకున్న సమీక్ష, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి 2011లో వచ్చింది. ఉత్తుత్తి సూదితో పోల్చిన రెండు పరీక్షల్లోనూ ఆటిజం మూల లక్షణాల్లో తేడా కనబడలేదు. మాట, గ్రహణశక్తి వంటి వాటిలో కొన్నిచోట్ల కొంత మెరుగు కనిపించినా, పరీక్షల నాణ్యత తక్కువ. చికిత్సను సమర్థించే ఆధారం లేదని తేల్చిన ముగ్గురు రచయితల్లో వాంగ్ ఒకరు. సొంత పనిని కూడా తూకంలో వేసిన ఈ నిజాయితీ అరుదు. 27 పరీక్షలు, 1736 మందితో 2018లో కొరియా పరిశోధకులు చేసిన సమీక్ష కొంత ఆశాజనకంగా ఉన్నా, గట్టిగా చెప్పలేమనే అంది.

దుష్ప్రభావాల్లో రక్తం రావడం, చిరాకు, నిద్ర చెడటంతో పాటు నొప్పికో భయానికో పిల్లలు ఏడవడమూ నమోదైంది. ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా అన్న వివరం మాత్రం ఆ పరీక్షల్లో పెద్దగా రాసిపెట్టలేదు.