క్షమాభిక్ష వేరు, క్షమాపణ వేరు

ఏటా ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో ఒక బుధవారం నాడు మన శాన్ రామన్‌లో, ఆఫీసుల్లోనూ కిరాణా దుకాణాల్లోనూ, కొందరి నుదుట బూడిదతో గీసిన సిలువ గుర్తు కనబడుతుంది. పిల్లలు చూసి, "వాళ్ళు కూడా విభూతి పెట్టుకుంటారా?" అని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. తెలుగు కథోలికులు ఆ రోజును విభూది బుధవారమనే అంటారు. ఆనాటి నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు మినహాయిస్తే, నలభై రోజులు. కథోలికులకు అది తపస్సుకాలం, మిగతా సంఘాలవారికి శ్రమల దినాలు, ఊళ్ళో వాడుకలో లెంటు. మాంసం మానడం, ఉపవాసాలు, సాయంకాలపు కూటాలు మనలో చాలామంది గుంటూరు, ఒంగోలు, మెదకు వైపు ఇరుగుపొరుగు ఇళ్ళలో చూసినవే. కాని ఈ నలభై రోజుల అసలు పని తిండి మానడం కాదు. క్షమించమని అడగడం, అడిగినవారిని క్షమించడం. ఆ పని చరిత్రలో ఎలా నడిచిందో, మనం ఇల్లు కట్టుకున్న ఈ నేల మీద ఎలా నడిచిందో నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట సంగతి. క్రీస్తు నేర్పిన ప్రార్థనలో క్షమ కోరేచోట తెలుగు బైబిలులో మత్తయి సువార్త వాడిన మాట 'ఋణం'. మనకు బాకీ ఉన్నవాళ్ళను మనం వదిలిపెట్టినట్టే మన బాకీ కూడా వదిలిపెట్టమని అక్కడి భావం. ఋణానుబంధమనే మాట తెలిసిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. తప్పు ఒక బాకీ. బాకీ ఉన్నదని ముందు ఒప్పుకుంటేనే దాన్ని రద్దు చేసే ప్రసక్తి వస్తుంది.

నలభై రోజుల ప్రస్తావన కనబడే పాత పత్రాలలో ముఖ్యమైనది 325లో నైసియాలో జరిగిన మహాసభ చేసిన అయిదవ నిబంధన. ఆ సభ అనగానే అందరికీ విశ్వాస సిద్ధాంతం మీద జరిగిన వాదాలు గుర్తుకు వస్తాయి. ఈ నిబంధన మాత్రం వెలివేతల గురించి. ఏ బిషప్పు అయినా కోపంతోనో సంకుచిత బుద్ధితోనో ఎవరినైనా వెలివేశాడేమో విచారించడానికి, ప్రతి రాష్ట్రంలోనూ బిషప్పులు ఏటా రెండుసార్లు సమావేశం కావాలనీ, అందులో ఒకటి ఈ నలభై రోజులకు ముందే జరగాలనీ నిర్ణయించారు. మనసులోని చిన్నతనం తీసివేసుకుని, దేవుడికి నిర్మలమైన కానుక సమర్పించాలన్నది వారు చెప్పిన కారణం. గమనించవలసిందేమిటంటే ఇక్కడ విచారణ శిక్ష పడ్డవాడి మీద మాత్రమే కాదు, శిక్ష వేసినవాడి మీద కూడా.

తూర్పు సంఘాల్లో ఈ భావం ఇంకా బతికే ఉంది. ఆర్థొడాక్సు సంఘాలవారు లెంటు మొదలయ్యే ముందు ఆదివారం సాయంకాలం గుడిలో ఒకరి ఎదుట ఒకరు నిలబడి, వంగి, క్షమించమని అడుగుతారు. గురువు కూడా అందరితోపాటు అడుగుతాడు. మన మలయాళీ మిత్రుల్లో సిరియన్ క్రైస్తవులున్న ఇళ్ళలో అడగండి. లెంటు మొదటి సోమవారం 'శుబ్‌కోనో' అనే ఆరాధన ఇటువంటిదే.

పడమటి దేశాల్లో మరో పద్ధతి వచ్చింది. తొలి శతాబ్దాలలో ఘోరమైన తప్పు చేసినవారిని సంఘం ఎదుటే ప్రాయశ్చిత్తానికి నిలబెట్టేవారు. లెంటు మొదట్లో బయటికి పంపి, ఈస్టరుకు మూడు రోజుల ముందు, గురువారం నాడు బిషప్పు మళ్ళీ లోపలికి తీసుకునేవాడు. మన పల్లెల్లో వెలివేయడం, తప్పు కట్టించుకుని కులంలో కలుపుకోవడం ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. బూడిద మొదట ఇటువంటి దోషులకే. 1091లో బెనెవెంతోలో పోపు రెండవ అర్బన్ జరిపిన సభ నాటికి, గురువులూ సామాన్యులూ ఆడా మగా అందరూ బూడిద ధరించాలన్న మాట స్థిరపడింది. దోషికి పూసేదాన్ని దోషి కాననుకున్నవాడూ పూసుకున్నాడన్న మాట. ఇది చాలా పెద్ద మార్పు. తరువాత 1215లో లాటెరన్ సభ ఏడాదికొకసారైనా ప్రతివాడూ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి, ఈస్టరుకు సత్ప్రసాదం తీసుకోవాలని విధించింది. దానితో క్షమ చాలావరకు చెవిలో చెప్పుకునే సంగతి అయింది. మనిషికి అది మేలే చేసింది. కాని పదిమంది కలిసి చేసిన తప్పును చెవిలో చెప్పుకుని తీర్చుకోవడం కుదరదు.

ఈ లోటు ఎంతటిదో శాన్ రామన్ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మన ఊరికి పేరు వచ్చింది ఏ మహా సన్యాసి వల్లనో కాదు. ఇక్కడి వాగు పక్కన మిషన్ గొర్రెలు కాసిన రామన్ అనే ఆదివాసి పేరు అదనీ, స్పానిషు అలవాటు చొప్పున ముందు 'శాన్' తరువాత చేరిందనీ, ఈ భూమిని ఇనాముగా పొందిన హోసే మరీయా అమడోరే చెప్పాడు. ఆ మిషన్ ఇప్పటి ఫ్రీమాంట్‌లోని మిషన్ శాన్ హోసే. 1797 జూన్ 11న స్థాపించారు. మన లోయ దాని మేత భూమి. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నవారు ఒహ్లోనీ, బే మివాక్ భాషల ప్రజలు. బాప్తిస్మం పొందినవారు మళ్ళీ తమ ఊళ్ళకు వెళ్ళి బతుకుతామంటే ఒప్పుకునేవారు కాదు. వెళ్ళినవారిని సైనికులు పట్టి తెచ్చేవారు, కొరడా దెబ్బలు కొట్టించేవారు. కొత్త రోగాలు మిగతా పని చేశాయి. ఫ్రీమాంట్‌లో వాషింగ్టన్ బులవార్డు పక్కనున్న ఒహ్లోనీల శ్మశానంలోని శిల, అక్కడ నాలుగు వేల మంది నిద్రిస్తున్నారని చెబుతుంది.

ఆ మిషన్‌లో ఎస్తానిస్లావో అనే యోకుట్స్ తెగ మనిషి చదువు నేర్చి, ఆదివాసులకు పెద్దగా నియమితుడయ్యాడు. 1828 నాటికి అతడు కొన్ని వందల మందితో వెళ్ళిపోయి, తిరిగి రామని కబురు పంపాడు. పంపిన దండులు ఓడి వచ్చాయి. 1829 మే నెలాఖరులో మరియానో వయేహో నాయకత్వంలో ఫిరంగితో వెళ్ళిన సైన్యం అడవికి నిప్పు పెట్టింది. పట్టుబడినవారిలో కొందరిని, స్త్రీలను కూడా, యుద్ధమయ్యాక చంపారు. ఎస్తానిస్లావో తప్పించుకుని తిన్నగా మిషన్‌కే వచ్చి, ఫాదర్ నార్సీసో దురాన్‌ను శరణు కోరాడు. దురాన్ అతణ్ణి అప్పగించలేదు. గవర్నరు ఎచెయాందియాకు వ్రాసి, ఆ ఏడు అక్టోబరులో అతడికీ అతడి వారికీ క్షమాభిక్ష తెప్పించాడు. చంపిన సైనికుల మీద విచారణ జరగాలని కూడా పట్టుబట్టాడు. స్టానిస్లావ్ నది, ఆ కౌంటీ ఇతడి పేరువే.

దురాన్ చేసినది ఆ కాలానికి గొప్ప పనే, కాదనలేము. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. ఎవరు ఎవరిని క్షమించాలి? ఇల్లు, ఊరు, నేల పోగొట్టుకున్నవాడికి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. అతడికి క్షమాపణ చెప్పినవాడు లేడు. మన తెలుగులో ఈ రెండు మాటలు వేరుగా ఉండడం మన అదృష్టం. క్షమాభిక్ష పైనుంచి కిందికి వచ్చేది. క్షమాపణ, తప్పు చేసినవాడు తలవంచి చెప్పేది. మొదటిది రెండవదాని స్థానం తీసుకోలేదు.

అమడోర్ కథ ఇంకా కఠినమైనది. 1834-35లలో అతడికి పదహారు వేల ఎకరాలకు పైబడిన రాంచో శాన్ రామన్ దక్కింది. మిషన్ ఆస్తుల్లో సగం ఆదివాసులకు పంచాలని 1834లో గవర్నరు ఫిగెరోవా చేసిన నియమం చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. 1877లో, ముసలితనంలో, చరిత్రకారుడు బాన్‌క్రాఫ్ట్ తరఫున వచ్చిన థామస్ సావేజ్‌కు అమడోర్ తన జ్ఞాపకాలు చెప్పాడు. అందులో 1837 నాటిదిగా ఒక దండయాత్ర ఉంది. పట్టుబడ్డ సుమారు రెండు వందల మంది ఆదివాసుల్లో క్రైస్తవులైనవారిని మోకరింపజేసి ప్రార్థన చెప్పించి చంపారట. కానివారికి సీసాలో నీళ్ళతో బాప్తిస్మమిచ్చి, ఆ తరువాత చంపారట. చెప్పినవాడు తానూ అందులో ఉన్నానని దాచలేదు. పశ్చాత్తాపమూ పడలేదు. డబ్లిన్‌లో అమడోర్ వ్యాలీ బులవార్డు మీద మనం రోజూ కార్లు నడుపుతాము. ఆ పేరు వెనుక ఉన్నది ఇది.

ఇటువంటి తప్పులకు పాపసంకీర్తనం ఎవరు చేయాలి? చేసినవారు పోయారు. పడినవారు పోయారు. ఈ చిక్కుకు ఒక జవాబు 2000 మార్చి 12న, తపస్సుకాలపు మొదటి ఆదివారం నాడు, రోములో వినబడింది. పోపు రెండవ జాన్ పాల్ సెయింట్ పీటర్స్ దేవాలయంలో క్షమాదినం జరిపి, సంఘం పిల్లలు శతాబ్దాలుగా చేసిన పాపాలను ఏడు భాగాలుగా ఒప్పుకున్నారు. యూదుల పట్ల, స్త్రీల పట్ల, ఇతర జాతుల, సంస్కృతుల, మతాల పట్ల చేసినవి అందులో ఉన్నాయి. మేము క్షమిస్తున్నాము, క్షమించమని అడుగుతున్నాము అన్నది ఆనాటి ప్రసంగసారం. మాటలు మరీ పొదుపుగా ఉన్నాయనీ, ఏ సంఘటన పేరూ విప్పి చెప్పలేదనీ ఆనాడే విమర్శ వచ్చింది. అది సబబైన విమర్శే. అయినా తలుపు తెరిచింది ఆ రోజే.

ఆ తలుపులోంచి మన పక్కకు కూడా గాలి వచ్చింది. 2007 డిసెంబరులో శాన్ రఫేల్ మిషన్ వార్షికోత్సవపు పూజలో, శాక్రమెంటో విశ్రాంత బిషప్పు ఫ్రాన్సిస్ క్విన్, మిషన్‌లలో జరిగినదానికి మివాక్ ప్రజలకు క్షమాపణ చెప్పారు. 2015 జూలైలో పోపు ఫ్రాన్సిస్ బొలీవియాలో అమెరికా ఆదివాసులందరికీ క్షమాపణ చెప్పారు. అదే ఏడు సెప్టెంబరులో మిషన్‌ల స్థాపకుడు హూనీపెరో సెర్రాను పునీతుడిగా ప్రకటించడంతో చాలామంది ఆదివాసుల మనసు మళ్ళీ గాయపడింది. 2019 జూన్ 18న గవర్నరు న్యూసమ్ రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పి, జరిగినది జాతి నిర్మూలనమేనని పేరు పెట్టి అన్నారు. కొందరు ఆదివాసులు ఈ మాటలను స్వీకరించారు. కొందరు, భూమి సంగతేమిటని అడిగారు. అడిగే హక్కు వారిది. క్షమాపణ చెప్పినంత మాత్రాన క్షమ వచ్చి తీరాలని లేదు. అది వారు ఇవ్వదలిస్తే ఇచ్చేది.

ఇదంతా స్పెయిన్‌వాళ్ళ గొడవ, మనకేమిటని అనుకోవచ్చు. జలియన్‌వాలా బాగ్ తలుచుకుందాం. 1919 ఏప్రిల్ 13 వైశాఖి పండుగ అని మనకు తెలుసు. అది మట్టలాదివారం కూడా. వందేళ్ళు నిండిన ఏడు, 2019 సెప్టెంబరులో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ అక్కడ నేల మీద సాష్టాంగపడి క్షమాపణ చెప్పినప్పుడు మనకు తృప్తి కలిగింది. ప్రభుత్వం కూడా చెబితే బాగుండుననిపించింది. అయితే అదే కొలబద్ద మన ఇంటికీ పెట్టుకోవాలి గదా.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగ సోదరులను ఊరి పెద్దకులంవారు వెంటాడి చంపారు. మిగిలినవారు ఊరు విడిచి చీరాలలో తలదాచుకున్నారు. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో చట్టం తన పని ముగించింది. ఊరు వారికి చెప్పవలసిన మాట కోర్టు చెప్పగలిగేది కాదు. క్రైస్తవ సంఘాలు కూడా ఇందులో నిర్దోషులు కావు. దళితులకు వేరే వరుస, వేరే శ్మశానం ఉన్నచోట్లున్నాయి. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల మండలి, సంఘం లోపల వివక్ష ఉందని లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథొనీ కార్డినలు అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు ఆయనే. మంచి సంగతులు. బాకీ తీరిందనడానికి ఇంకా చాలవు.

శుభ శుక్రవారం నాడు తెలుగు చర్చిలలో మూడు గంటలసేపు సిలువ మీది ఏడు మాటలను ధ్యానిస్తారు. ఈ ఆరాధన 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లిమాలో ఒక జెసూట్ గురువు మొదలుపెట్టినది. ఎక్కడి లిమా, ఎక్కడి ఒంగోలు! ఆ ఏడింటిలో మొదటి మాట తనను చంపుతున్నవారిని క్షమించమన్నది. ఆ మాట అన్నది దెబ్బలు తిన్నవాడు. కొట్టినవాళ్ళు కాదు. బలవంతులు బలహీనులకు క్షమ గురించి ఉపదేశించే ప్రతిసారీ ఈ తేడా మరుగున పడుతుంది.

మనలో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు, ఏదీ నమ్మనివారు ఉన్నారు. లెంటు పాటించమని ఎవరినీ అడగడం లేదు. మేము అడుగుతున్నది చిన్న పని. ఈ నలభై రోజుల్లో ఒక శనివారం పిల్లల్ని తీసుకుని ఫ్రీమాంట్ మిషన్‌కు, ఆ శ్మశానం దగ్గరకు వెళ్ళండి. ఒహ్లోనీలు అంతరించిపోయారని 1925లో క్రోబర్ అనే పండితుడు వ్రాశాడు. అది తప్పు. వారి వారసులు ఈ బే ఏరియాలోనే ఉన్నారని పిల్లలకు చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు కారంచేడు సంగతి కూడా చెప్పండి. ఏ కులంవారు చంపారో, ఏ కులంవారు చనిపోయారో దాచకుండా చెప్పండి. 'క్షమ' అనే మాటకు భూమి అని కూడా మన నిఘంటువులు అర్థం చెబుతాయి. ఇక్కడి భూమి అయినా అక్కడి భూమి అయినా, దాని మీద జరిగినది ముందు మన నోటితో మనం చెప్పాలి.